దండెం మీద నా చీర

"గా చీర నాది."

"నీదెట్లయితది అవ్వా? మూడో రూముల ఉన్న పిల్లది."

"మూడో రూము పిల్లదైతే అంచు కాడ గా ఎర్రదారం కుట్టు ఎవలేసిన్రు? నేనేసిన. నీలం దారం ఐపోతే ఎర్రదారం ఏసిన."

"ఊళ్లె నీ ఒక్కదాని చీరనే చినుగుతదా? నీ ఒక్కదాని ఇంట్లనే ఎర్రదారం ఉంటదా?"

"నీలం చీరకు ఎర్రదారం ఏసేటంత పిసినారిది బాన్సువాడల నేనొక్కదాన్నే. గది ఊరందరికి ఎరుకే. నువ్వు సుత నన్ను గట్లనే అన్నవు, నా ఎనకాల."

ఆ మాటకు ఆయన తువ్వాల తీసి మెడ తుడుచుకున్నాడు. ఎందుకంటే నిజంగానే అన్నాడు, ఒక పెళ్లిలో బంతిలో కూర్చుని. ఆ మాట పెరుగన్నం వడ్డించేలోపే నా బంతికి వచ్చి చేరింది.

ఈ గొడవ ఎక్కడ జరిగిందో చెప్పాలి. బాన్సువాడ బస్టాండు వెనక గల్లీలో రెండంతస్తుల ఇల్లు. కింద నాలుగు గదులు, పైన నాలుగు, అన్నీ కిరాయికి ఇవ్వాలని కట్టినవే. నాతో కొట్లాడుతున్నది ఆ ఇల్లు కట్టించిన మనిషి. నిజాంసాగర్ కాలువ కింద వరి పండించే రైతు. ఆ ఇల్లు అమ్మేసి వరికోత మిషను కొనాలని ఆయనకు పిచ్చి పట్టింది. కొనబోయేదాన్ని నేను. బయానా కూడా ఇచ్చేశాను. ఇంకాసేపట్లో బ్యాంకు తరఫున ఇంజనీరు సారు వచ్చి, ఇల్లు చూసి, దీని మీద అప్పు ఇవ్వవచ్చో లేదో రాసుకుని పోవాలి. ఆయన కంటే ముందు నేను వచ్చి, తలెత్తి దండెం వైపు చూశాను. ఎవరివో లుంగీల మధ్య, ఎవరివో లంగాల మధ్య నా నీలం చీర ఊగుతోంది. ఇస్త్రీ చేసే ఆయనకు మొన్న వేసిన చీర.

నేను చేసింది ఉద్యోగం కాదు. నాకెవరూ జీతం ఇవ్వలేదు. కానీ జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి కిరాయి గదులే నా పని. మా ఆయన పోయినప్పుడు మాకు ఉన్నది రోడ్డు వైపు ఒక గది, వెనక ఒక వంటిల్లు. గది కిరాయికి ఇచ్చి నేను, పిల్లలు వంటింట్లో పడుకున్నాం. ఆ కిరాయితో ఇంకో గది లేపాను, ఆ రెండింటితో మూడోది. మూడో తరగతి మధ్యలో బడి మాన్పించారు. కూడికలు, తీసివేతలు వచ్చాయి, భాగహారం రాలేదు. అది మంచిదే అయింది. జీవితంలో ఎవరితోనూ వాటా పెట్టుకోలేదు.

ఇప్పుడు తాళంచెవుల గుత్తి కోడలి కొంగుకు ఉంది. నేను మంచంలో కూర్చుని, ఫ్యాన్లు ఎవరు ఆపకుండా బయటికి పోతున్నారో చూస్తుంటాను. అయినా మా గల్లీ పిల్లలు వస్తుంటారు. ఆఫీసుల్లో పని చేసేవాళ్లు, జీతం కొంచెం మిగిలినవాళ్లు. ఫోనులో ఎవరో చెప్పారట, కిరాయి ఇల్లు కొంటే నిద్రపోతున్నప్పుడు కూడా డబ్బు వస్తుందని. కిరాయి ఇల్లు ఉన్నవాళ్లకు నిద్ర ఎక్కడిది పిల్లలూ? నీళ్ల మోటరు ఎప్పుడు ఆగినా మనల్నే లేపుతారు.

ఇల్లు ఎట్లా చూసి కొనాలి అని అడుగుతారు. చెప్పడానికి పెద్దగా ఏం లేదు. అమ్మేవాడు చెప్పిన కిరాయి నమ్మకండి, పక్కింటివాళ్లను అడగండి. ఏడాదికి పన్నెండు నెలల కిరాయి వస్తుందని అనుకోకండి, ఒకటి రెండు నెలలు గది ఖాళీగా పడి ఉంటుంది. అందులో నుంచి సున్నానికి, మోటరుకు, నల్లాలకు, ఇంటి పన్నుకు తీసేయండి. మిగిలింది బ్యాంకు కిస్తీ కంటే ఎక్కువ ఉంటేనే ముందుకు పోండి. ఇది ఎవరైనా చెబుతారు.

నా సొంత విద్య వేరే ఉండేది. ఇల్లు నిండుగా ఉందో లేదో తెలుసుకోవడానికి నేను గదుల్లోకి పోయేదాన్ని కాదు. దండెం చూసేదాన్ని, గడపల ముందు చెప్పులు చూసేదాన్ని. పసిపిల్లల బట్టలు ఆరేసి ఉంటే ఆ సంసారం ఇప్పట్లో కదలదు. ఒంటరి లుంగీ ఒక్కటే ఉంటే ఆ మనిషి ఎప్పుడైనా తువ్వాల భుజాన వేసుకుని పోతాడు. ఆడవాళ్ల చెప్పులు, మగవాళ్ల చెప్పులు, బడి పిల్లల బూట్లు ఒక్క గడప ముందు ఉంటే ఆ గది కిరాయి ఆగదు. ఇది నేను కష్టపడి నేర్చుకున్నది. నేను చేసిన తప్పు ఏమిటంటే, దీన్ని ప్రతి పెళ్లిలో, ప్రతి దినాల భోజనాల్లో కూర్చుని అందరికీ చెప్పడం. డబ్బు ఖర్చు కాదు కదా అని తెలివిని మాత్రం ధారాళంగా పంచాను.

మొదటిసారి ఈ ఇల్లు చూడడానికి పోయినప్పుడు నా వెంట మేస్త్రీ వచ్చాడు. నా గదులన్నీ కట్టింది ఆయనే. నన్ను అక్కా అంటాడు, నేను తమ్మీ అంటాను. ఏ ఇల్లు చూపించినా ఆయన మొదటి మాట ఒక్కటే: "కూలగొడదాం అక్కా." కొత్తగా రంగులు వేసిన ఇల్లు చూపించినా అదే మాట. ఒకసారి పొరపాటున పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి కూడా అన్నాడు. ఈ ఇంటి దగ్గర మాత్రం ఆ మాట అనకముందే నవ్వు మొదలుపెట్టి దగ్గు తెచ్చుకున్నాడు. కారణం మెట్లు. వాస్తు చెప్పే మనిషి ఒకడు మెట్లు ఆ మూల వద్దు, ఈ మూల వద్దు అంటూ పోతే, ఈ రైతు జరుపుతూ జరుపుతూ వాటిని మూడో గది లోపల పెట్టించాడు. పై అంతస్తువాళ్లు ఎక్కాలన్నా దిగాలన్నా మూడో గదివాళ్ల కాపురం మధ్యలో నుంచే పోవాలి. మూడో గదివాళ్లు అన్నం తింటుంటే పైవాళ్లు కంచాలు దాటుకుంటూ పోవాలి.

ఆ రోజు దండెం నిండా బట్టలు. గడపల ముందు గుట్టగా చెప్పులు. పై గదుల ముందు కూడా. నా బుర్ర పరుగెత్తింది. ఇంత దిక్కుమాలిన మెట్లు పెట్టుకుని కూడా ఇల్లు నిండిందంటే, మెట్లు బయటికి జరిపిస్తే ఇంకెంత గిరాకీ! మెట్లు చూపించి ధర తగ్గించాను. చిట్టీ ఎత్తి బయానా ఇచ్చాను. మిగతాదానికి బ్యాంకు అప్పు, నా పేరు, మా చిన్నోడి పేరు కలిపి. వాడికి రీచార్జి దుకాణం ఉంది, నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెడతాడు. కొత్త ఇంటితో పాటు మేం కాపురముండే ఇంటి కాగితాలు కూడా పెట్టాలని బ్యాంకువాళ్లు అన్నారు. సరేనన్నాను. కిస్తీలు కిరాయిలతోనే తీరిపోతాయి కదా అనే ధైర్యం.

బయానా కాగితంలో ఒక మాట పట్టుబట్టి రాయించాను. బ్యాంకు అప్పు ఇవ్వనంటే బయానా మొత్తం వాపసు. నాకై నేను వద్దంటే బయానా ఆయనకే.

ఇది గుర్తుపెట్టుకోండి. ఇంజనీరు సారు వచ్చిన రోజంతా ఈ మాట చుట్టే తిరిగింది.

మళ్లీ దండెం దగ్గరికి వద్దాం. ఎర్రదారం మాటతో దొరికిపోయిన రైతు గొంతు తగ్గించాడు.

"అవ్వా, నిజం చెప్త. కోపం చెయ్యకు."

"కోపానికి పైసలు గావు. చేస్త. చెప్పు."

"రోడ్డు పనికి వచ్చినోళ్లు ఉండేటోళ్లు. పని ఐపోయింది, వాళ్లు పోయిన్రు. అప్పటికెళ్లి ఇల్లు ఖాళీనే."

"మరి గీ బట్టలు?"

"ఇస్త్రీ ఆయన కాడ ఒక్క రోజుకు కిరాయికి తెచ్చిన."

కిరాయి ఇళ్లు చూశాను, కిరాయి సైకిళ్లు చూశాను. నా చీరను నాకే చూపించడానికి కిరాయికి తెచ్చిన మనిషిని అప్పుడే చూశాను.

"అప్పుడు నేను వచ్చిన నాడు సుత?"

"గప్పుడు సుత. నువ్వే గద అవ్వా ఊరంత చెప్పినవు, దండెం జూస్త, చెప్పులు జూస్త అని. నువ్వు చూసేదే పెట్టిన. వేరే ఏం పెట్టలే."

"చెప్పులు?"

"చెప్పులు మావోళ్లయే. మా అత్తగారోళ్లు మహారాష్ట్ర బార్డర్ కాడి డోంగ్లి దిక్కుకెళ్లి వచ్చిన్రు. దావత్ ఉన్నదని పిలిచిన. పైన మటన్ ఉడుకుతున్నది."

ఈసారి కూడా నా వెంట వచ్చిన మేస్త్రీ పక్కన నిలబడి అంతా విన్నాడు. "చెప్పులన్న అసలువే అక్కా," అన్నాడు ఓదార్పుగా.

వేళ్ల మీద లెక్క వేశాను. ఖాళీ ఇంటి మీద అప్పు, దాని వెనక నా సొంత ఇంటి కాగితాలు. గదులు నిండకపోతే కిస్తీ కట్టేది ఎక్కడి నుంచి? నేను వద్దంటే బయానా పోతుంది, చిట్టీ మాత్రం నెలనెలా కడుతూ ఉండాలి. ఉన్న దారి ఒక్కటే. బ్యాంకు సారు నోటి నుంచే 'ఇవ్వం' అనిపించాలి. ఇల్లు ఖాళీ అని నిజం చెబితే ఆయనే అంటాడు. జీవితంలో మొదటిసారి నిజం చెబితే లాభం వచ్చేటట్టు కనిపించింది.

"సార్ రానీ," అన్నాను. "ఉన్నదున్నట్టు చెప్త."

రైతు ముఖం పాలిపోయింది. "అవ్వా, నేను సుత మిషనుకు బయానా ఇచ్చిన. డ్రైవర్‌ను సుత పెట్టుకున్న. పెండ్లాంబిడ్డలతోని వచ్చి మూడో రూములనే దిగిండు."

"మిషను రాకముందే డ్రైవర్ వచ్చిండా?"

"మంచి డ్రైవర్ దొరకడు అవ్వా."

చీర లాగేసుకోబోయి ఆగాను. సారు వచ్చేదాకా దండెం మీదనే ఉండనీ, సాక్ష్యానికి పనికొస్తుందని. నేను చేసిన రెండో తప్పు అది.

ఇంజనీరు సారు నిజామాబాదు నుంచి మోటరుసైకిల్ మీద వచ్చాడు. చిన్నవాడే. నున్నగా మెరిసే బూట్లు గుమ్మం దగ్గర విడిచి, సాక్సులతో లోపలికి వచ్చాడు. చేతిలో గోడ మీద ఎర్రచుక్క వేసి కొలిచే చిన్న యంత్రం. నేను ఎదురుపోయాను.

"సార్, ముందుగాల ఒక మాట. గీ ఇంట్ల ఎవ్వరు లేరు."

అదే సమయానికి వెనక నుంచి పిల్లలు కేకలేస్తూ పరుగెత్తారు. ఎక్కడో గిన్నె పడింది. మిద్దె మీద నుంచి ఒక ఆడగొంతు, "ఉప్పు ఏసిన్రా లేదా!" అని అరిచింది.

సారు పైకి చూసి, నా వైపు చూశాడు. "ఎవ్వరూ లేరా?"

"ఉన్నరు, కానీ లేరు. దావత్‌కు ఉన్నరు, కిరాయికి లేరు."

సారు చిన్నగా నవ్వాడు. "అమ్మా, నేను మున్సిపాలిటీ నుంచి రాలేదు. బ్యాంకు తరఫున వచ్చాను."

"ఎరుకనే సార్. అందుకే చెప్తున్న."

"ఏ ఇంటికి పోయినా ఇదే మాట. ఇంటి నిండా జనం ఉంటారు, ఓనర్లు మాత్రం ఎవరూ లేరంటారు. ఇంటి పన్ను పెంచుతారని భయం. మీరు ఫికర్ చేయకండి, అది నా డిపార్ట్‌మెంట్ కాదు."

వెనక రైతు ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది.

మొదటి గదిలో రైతు మామ కూర్చుని ఉన్నాడు. ముసలాయన, చెవులు మందం. తెలుగు అర్థమవుతుంది కానీ నోరు తెరిస్తే మరాఠీయే ముందు వస్తుంది. సారు ఆయన దగ్గరికి వంగి గట్టిగా అడిగాడు.

"తాతా, ఈ రూంలో ఎవరు ఉంటున్నారు?"

ముసలాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మీ!" అన్నాడు.

సారు నా వైపు తిరిగాడు. "మీవాళ్లేనట కదా అమ్మా."

"కాదు సార్. గాయన మరాఠిల చెప్తుండు. మరాఠిల మీ అంటే నేను."

"మీరా?"

"నేను గాదు సార్. మీ అంటే నేను అని."

"అదేనమ్మా, మీరే అంటున్నారు కదా."

"నేను అంటలేను, గాయన అంటుండు!"

"ఆయనా మీరే అంటున్నాడు."

నేను మేస్త్రీ వైపు చూశాను. ఆయన గోడ వైపు తిరిగి పగులు చూస్తున్నట్టు నటిస్తున్నాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"సరే సార్, కిరాయి ఎవలిస్తరో అడుగు," అన్నాను. ఇక్కడ దొరికిపోతాడని నా నమ్మకం.

సారు అడిగాడు. ముసలాయన ఈసారి చక్కగా తెలుగులోనే చెప్పాడు. "నేనెందుకిస్త? అన్ని మా అల్లుడే చూస్కుంటడు. అన్నం సుత ఆయననే పెడతడు."

"ఇన్నవా సార్! గా అల్లుడు ఎవలనుకుంటున్నవు? గీ ఇల్లమ్మెటాయననే!"

సారు తల ఊపి, ఫోనులో ఏదో కొట్టుకున్నాడు. "ఓనర్‌కు టెనెంట్లతో మంచి రిలేషన్స్ ఉన్నాయి, అల్లుడనే పిలుస్తున్నారు," అన్నాడు. "గొడవలు ఉండవు. ఇది ప్లస్సే."

ఇక నాకు మిగిలింది చీర. మాటలు అటుఇటు అవుతాయి, కుట్టు కాదు కదా. సారును వాకిట్లోకి తీసుకొచ్చి, "గా దండెం జూడు సార్. గా బట్టలు కిరాయికి తెచ్చినయి. గా నీలం చీర నాది," అని చెయ్యి ఎత్తి చూపించాను.

చెయ్యి చూపించిన చోట చీర లేదు. రెండు లుంగీల మధ్య ఖాళీ, ఆ ఖాళీలోంచి ఎదుటి మిద్దె కనిపిస్తోంది.

"మూడో రూములకు కొంటబోయింది, డ్రైవర్ పెండ్లాం," అన్నాడు మేస్త్రీ మెల్లగా.

మూడో గదికి పోయాం. మెట్ల కమ్మీకి నా చీర తొట్టెలగా కట్టి ఉంది. లోపల పసిపిల్ల నిద్రపోతోంది. ఎర్రదారం కుట్టు సరిగ్గా పిల్ల తల దగ్గర, ఎవరికైనా కనిపించేటట్టు ఉంది. తల్లి, సన్నగా పొడుగ్గా ఉన్న అమ్మాయి, మమ్మల్ని చూసి పెదవుల మీద వేలు పెట్టింది.

నేను గుసగుసగా చెప్పాల్సి వచ్చింది. జీవితంలో నేను గుసగుసగా కొట్లాడింది అప్పుడొక్కసారే.

"సార్, గిదే నా చీర. గీ ఎర్రదారం నేనే కుట్టిన."

సారు వంగి కుట్టు చూశాడు, పిల్లను చూశాడు, నన్ను చూశాడు. ఆయన ముఖం మెత్తబడింది. "మీ చీరలో పడుకుంది," అన్నాడు ఆయన కూడా గుసగుసగా. "మునిమనవరాలా?"

"ఎవలో నాకేం ఎరుక!"

"ష్," అంది తల్లి.

"రిజిస్ట్రేషన్ కాకముందే మీవాళ్లు దిగిపోయారన్నమాట," అన్నాడు సారు. "పర్వాలేదమ్మా, మంచి ముహూర్తం చూసుకుని ఉంటారు."

పై గదులు కొలవడానికి మెట్లు ఎక్కాడు. ఆయన ఒక్కో మెట్టు ఎక్కుతుంటే కమ్మీ కదిలి తొట్టెల దానంతట అదే ఊగింది. పిల్ల ఇంకా గాఢంగా నిద్రపోయింది. ఆ దరిద్రపు మెట్ల వల్ల లోకానికి జరిగిన మేలు నాకు తెలిసి అదొక్కటే.

పైన మటన్ ఉడుకుతున్న చోట చుట్టాలందరూ ఆయన్ను భోజనానికి కూర్చోమన్నారు. ఆయన మంచినీళ్లు కూడా ముట్టలేదు, తన పని తను చేసుకున్నాడు. అబద్ధం చెప్పకూడదు, మనిషి నీతిమంతుడు. నేను చెప్పిన నిజం ఒక్కటి తప్ప అన్నీ సరిగ్గా రాసుకున్నాడు.

దిగివచ్చి చూస్తే గుమ్మం దగ్గర ఆయన బూట్లు లేవు. అందరం వెతికాం. చెప్పుల గుట్టను మేస్త్రీ పారతో తిరగేసినట్టు తిరగేశాడు. అంతలో గల్లీ మలుపు నుంచి డ్రైవర్ వచ్చాడు. చేతిలో కొత్తిమీర కట్ట, కాళ్లకు నున్నగా మెరిసే బూట్లు. "ఎవలవో ఉంటే ఏస్కపోయిన అన్నా," అన్నాడు ఏ జంకూ లేకుండా. "కొత్తిమీరకే గద."

నాకు ప్రాణం లేచి వచ్చింది. సారుకు కోపం వస్తుంది, కోపంలో 'ఇవ్వం' అని రాస్తాడు అనుకున్నాను. ఆయన బూట్లు తొడుక్కుని, లేసులు కట్టుకుంటూ నవ్వాడు.

"చూశారా అమ్మా. చుట్టపుచూపుగా వచ్చినవాడు అడగకుండా ఎవరి బూట్లూ వేసుకుపోడు. ఇంట్లో ఉండేవాడే వేసుకుపోతాడు. గదులన్నీ నిండుగా ఉన్నాయని రాస్తున్నా. లోన్‌కు నా వైపు నుంచి ఏ ఇబ్బందీ లేదు."

మోటరుసైకిల్ ఎక్కి, మళ్లీ నన్ను దగ్గరికి పిలిచాడు. మంచిమాట చెప్పేవాడిలా గొంతు తగ్గించాడు. "మున్సిపాలిటీవాళ్లు వచ్చినప్పుడు మాత్రం కొంచెం నమ్మేటట్టు చెప్పండి. కనీసం ఆ తొట్టెల విప్పేయండి."

ఆయన గల్లీ మలుపు తిరిగి పోయాడు. రైతు నా దగ్గరికి వచ్చి, "అవ్వా, నేనేం అనలే. అన్ని నువ్వే చెప్పినవు," అన్నాడు. అది కూడా నిజమే. సారు ఎదుట ఆ మనిషి ఒక్క అబద్ధం ఆడలేదు. ఒక్క నిజం కూడా ఆడలేదు. ఊరికే నిలబడ్డాడు.

"కూలగొడదాం అక్కా," అన్నాడు మేస్త్రీ. ఆ ఒక్కసారి నాకు ఆ మాట నచ్చింది.

చేతకాక కోపం వస్తే నేను లెక్కలో పడతాను. నేరుగా మూడో గదిలోంచి మెట్లెక్కి మిద్దె మీదికి పోయాను. అందరూ విస్తర్ల ముందు కూర్చుని ఉన్నారు.

"ఏమయ్యా, ఏమమ్మా," అన్నాను. "బ్యాంకు సార్ ముందట మీరందరు గీ ఇంట్లనే ఉంటున్నమన్నరు. మంచిది. ఇయ్యాల్టికెళ్లి కిరాయి మొదలు. అడ్వాన్స్ రెండు నెల్లది. తిన్నంక చేతులు కడుక్కొని వరుసగ రాండ్రి."

చేతులు ముద్దల మీద ఆగిపోయాయి. చెవులు మందం ఉన్న ముసలాయనకు ఆ మాట మాత్రం ఒక్కసారికే వినిపించింది. రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ, "మీ నాహీ! మీ నాహీ!" అన్నాడు. నేను కాదు, నేను కాదు అని. సారు ఉన్నప్పుడు ఆ 'నాహీ' ఒక్కటి అని ఉంటే నా బయానా నా పెట్టెలో ఉండేది.

పొద్దు గూకేలోపు రెండు ఆటోలు వచ్చాయి, చుట్టాలందరూ ఎక్కేశారు. మిగిలిన కూర కూడా డబ్బాల్లో పోసుకుని పోయారు. ఇస్త్రీ ఆయన వచ్చి దండెం మీది బట్టలు లెక్కపెట్టుకుని మూట కట్టుకున్నాడు. ఒకటి తక్కువైందని నన్నే అడిగాడు. నా చీర నాకే బాకీ పడ్డావని చెప్పాను. చీర కోసం మూడో గదిలోకి పోతే పిల్ల ఇంకా లేవలేదు. తల్లి మళ్లీ పెదవుల మీద వేలు పెట్టింది. పడుకున్న పసిపిల్లను లేపడం నాకు కూడా చేతకాలేదు. చీర వదిలేసి ఇంటికి పోయాను.

ఇప్పుడు ఎవరైనా పిల్లలు వచ్చి, నిజం చెప్పి వ్యాపారం చేయవచ్చా అవ్వా అని అడిగితే, చేయవచ్చు అంటాను. కానీ నిజం చెప్పే ముందు ఎదుటివాడు అంతకుముందు ఎన్ని ఇళ్లు చూసి వచ్చాడో కనుక్కోండి. ఆ ఇళ్లన్నింటి అబద్ధాలు వెంటబెట్టుకుని వస్తాడు, మీ మాట వాటి పక్కన నిలబెట్టి చూస్తాడు. ఇంకొకటి, మీ విద్య పెళ్లిళ్లలో చెప్పకండి.

మరునాడు పొద్దున్నే చీర కోసం పోయాను. దండెం బోసిగా ఉంది. ఏడు గదులకు తాళాలు. మూడో గడప ముందు మాత్రం ఒక జత ఆడవాళ్ల చెప్పులు. ఆ అమ్మాయి ఖాళీ బకెట్ పట్టుకుని, నా కోసమే ఎదురుచూస్తున్నట్టు వాకిట్లో నిలబడి ఉంది.

"వచ్చినవా అవ్వా. నల్లా వస్తలేదు."

"నేను చీర కోసం వచ్చిన."

"చీరల పోరి పండుకున్నది. ముందుగాల నల్లా సంగతి చూడు."

"గిది ఇంకా నా ఇల్లు గాదు బిడ్డా."

"నిన్న సార్ నీదే అన్నడు గద. ఇల్లమ్మెటాయన మిషను తెచ్చెతందుకు పొద్దుగాలనే పోయిండు, మా ఆయనను తోల్కపోయిండు. కోతలు అయ్యేదాంక మేం ఈడనే ఉంటం. ఇగ నల్లా ఎవలకు చెప్పాలె? కిరాయి ఎంతనో చెప్పు, ఇస్త."

చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి మెట్ల వైపు చూసింది.

"ఇంట్ల నడుమ మెట్లు పెట్టుకొని గంత కిరాయా? తక్కువ జెయ్యి."

"పైన ఎవ్వరు లేరు గద. ఎవలెక్కుతరు?"

"ఇయ్యాల లేరు. రేపు నింపవా నువ్వు?"

అదే మెట్లు చూపించి నేను ధర తగ్గించిన చోట నిలబడి ఉన్నాను. తగ్గించాను.

"చీరకు మాత్రం వేరే," అన్నాను. "గది కిరాయి గదిదే, చీర కిరాయి చీరదే."

ఆమె లోపలికి పోయి, పిల్ల కదలకుండా తొట్టెల అంచు ఒక్కటి రెండు వేళ్లతో పట్టుకుని నాకు చూపించింది. "గీ అతుకు చీరకు కిరాయా అవ్వా? నీలం చీరకు ఎర్రదారం ఏసిన్రు, ఎవలో."

చీర కిరాయి మాఫ్ చేశాను. బయటికి వచ్చి మేస్త్రీకి ఫోన్ చేశాను.

"కూలగొడదామా అక్కా?" అన్నాడు.

"నల్లా వస్తలేదు," అన్నాను. "పానా పట్టుకొని రా, వాషర్ తే. కొత్తది కొనకు, పాతదుంటే తే."